డ్రమ్ములో నీళ్లెన్ని? బాయిలర్, ప్రాసెస్ ప్లాంట్లలో లెవెల్ కంట్రోల్ ఉద్యోగాలు

పప్పు కుక్కర్ విజిల్ వేసినప్పుడు ఒక్కోసారి ఆవిరితో పాటు పసుపు నీళ్లూ చిమ్మి గోడంతా మరకలవుతుంది. నీళ్లు ఎక్కువ పోసినా, మంట పెద్దది పెట్టినా అంతే. పవర్ ప్లాంటు బాయిలర్‌లో ఇదే జరిగితే దాన్ని క్యారీ ఓవర్ అంటారు. అక్కడ పాడయ్యేది గోడ కాదు. నీటితో పాటు వెళ్లిన లవణాలు సూపర్‌హీటర్ గొట్టాల్లో పేరుకుంటాయి, నీటి తుంపరలు టర్బైన్ బ్లేడ్లను దెబ్బతీస్తాయి. పోనీ నీళ్లు తగ్గించి నడుపుదామంటే, మంటకు ఎదురుగా ఉన్న గొట్టాలు నీరందక కాలిపోతాయి. ఈ రెండు హద్దుల మధ్య నీటిని నిలిపే పనిలో ఐటీఐ చదివినవారి నుంచి బీటెక్ చేసినవారి దాకా అందరికీ చోటుంది.

చిమ్మకుండా ఆపే ఏర్పాట్లు చాలావరకు పాత్ర లోపలే ఉంటాయి. బాయిలర్ స్టీమ్ డ్రమ్ములో నీరు, ఆవిరి కలిసిన మిశ్రమాన్ని చిన్న చిన్న సైక్లోన్లు గిర్రున తిప్పి నీటిని కిందికి దించుతాయి. ఆపైన మడతల రేకులు మిగిలిన తేమను పట్టేస్తాయి. చమురు, గ్యాస్ సెపరేటర్లలో లోపలికొచ్చే ధారకు అడ్డంగా ఒక పలక, పైన సన్నని తీగల జాలీ ఉంటాయి. జాలీని డెమిస్టర్ అంటారు. గ్యాస్ ఎంత వేగంతో పైకి వెళ్తే తుంపరలను మోసుకుపోతుందో లెక్కగట్టే సౌడర్స్-బ్రౌన్ సూత్రం 1934 నాటిది, డిజైనర్లకు నేటికీ అదే ఆధారం. తొట్టి బిరడా తీస్తే నీళ్లు సుడి తిరిగి గాలిని లాక్కుపోతాయి కదా, అలా జరగకుండా అడుగు నాజిల్ దగ్గర వోర్టెక్స్ బ్రేకర్ బిగిస్తారు.

అసలు చిక్కు లెవెల్ దగ్గర వస్తుంది. టర్బైన్ ఒక్కసారిగా ఎక్కువ ఆవిరి లాగితే డ్రమ్ములో నీటి మట్టం ఎటు పోతుంది? ఇంటర్వ్యూల్లో అడగదగ్గ మంచి ప్రశ్న ఇది. తగ్గుతుందనేవారే ఎక్కువ. నిజానికి ముందు పెరుగుతుంది. ప్రెజర్ పడిపోవడంతో నీటిలోని బుడగలు ఉబ్బుతాయి, ఎసరు పొంగినట్టు మట్టం పైకి లేస్తుంది. డ్రమ్ములోని నీరు మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. మట్టం లేచిందని ఆపరేటర్ ఫీడ్ వాటర్ తగ్గించాడా, కాసేపటికి లెవెల్ అడుగుకు జారి యూనిట్ ట్రిప్ అవుతుంది. దీన్ని స్వెల్ అంటారు, లోడ్ తగ్గినప్పుడు దీనికి తలకిందులుగా జరిగేది ష్రింక్. అందుకే పెద్ద బాయిలర్లలో లెవెల్ ఒక్కటే చూడరు. బయటికి పోయే ఆవిరి, లోపలికొచ్చే నీరు కూడా కొలిచి, మూడింటినీ కలిపి వాల్వ్ నడిపిస్తారు. త్రీ ఎలిమెంట్ కంట్రోల్ అంటే ఇదే.

కొలిచే పరికరమూ మోసం చేస్తుంది. గేజ్ గ్లాసులోని నీరు డ్రమ్ములోని నీటికన్నా చల్లగా, బరువుగా ఉంటుంది కాబట్టి అందులో మట్టం అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో 170 అడుగుల టవర్‌ను నింపుతున్నారు. ద్రవం 158 అడుగులకు చేరిన వేళ స్క్రీన్ మీద ఎనిమిది అడుగుల లోపే, అదీ తగ్గుతున్నట్టు కనిపించింది. లెవెల్ కొలిచే ట్రాన్స్‌మిటర్‌ను వేరే సాంద్రతకు సెట్ చేశారు. విడిగా ఉన్న రెండో హై లెవెల్ అలారం మోగలేదు. సైట్ గ్లాస్ మురికి పట్టి ఉంది. పొంగిన ద్రవం అంటుకుని 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. అందుకే బాయిలర్ దగ్గర షిఫ్ట్ ఎక్కగానే గేజ్ గ్లాస్ డ్రెయిన్ తెరిచి, మూశాక నీరు చటుక్కున పైకొస్తుందో, నీరసంగా పాకుతుందో చూసే అలవాటు ఉత్త తతంగం కాదు. పాకుతుంటే దారి పూడుకుపోతోందని అర్థం.

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కెమికల్ ప్లాంట్, అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ ట్రేడులు ఈ పనికి దగ్గరవి. పాలిసెట్ రాసి ఇన్‌స్ట్రుమెంటేషన్, కెమికల్, మెకానికల్ డిప్లొమాల్లో చేరవచ్చు. బీటెక్ వారికి గేట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు, కెమికల్‌కు విడివిడి పేపర్లున్నాయి. బాయిలర్ అటెండెంట్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి, రాష్ట్ర బాయిలర్ల శాఖ పరీక్ష పెట్టి ఇస్తుంది. హీటింగ్ సర్ఫేస్ 1000 చదరపు మీటర్లు దాటిన బాయిలర్‌కు బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ ఉండాలి. ఆ పరీక్షకు చదువుతో పాటు బాయిలర్ దగ్గర పనిచేసిన అనుభవమూ చూపించాలి.

పనిచోట్లకు కొదవ లేదు. విశాఖ రిఫైనరీ, పరవాడ, పాశమైలారం ఫార్మా యూనిట్లు, సింహాద్రి 500 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లుల చిన్న బాయిలర్లను తక్కువగా చూడకూడదు. ఆటోమేషన్ తక్కువగా ఉన్న చోటే చేతికి పని పడుతుంది. కృష్ణపట్నం 800 మెగావాట్లలాంటి సూపర్ క్రిటికల్ యూనిట్లలో డ్రమ్మే ఉండదు. కానీ స్టార్టప్ సమయంలో ఆవిరి నుంచి నీటిని విడదీసే సెపరేటర్ లెవెల్ చూసుకోవాలి. రాత్రి షిఫ్టులు, వేడి, చప్పుడు మాత్రం ఎక్కడైనా తప్పవు.

1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. పరీక్షకు చదివేవారు పాత గైడ్లలోని సెక్షన్ల నంబర్లను దానితో సరిచూసుకోవాలి.