మోటారు పైకి తీసే ముందు కరెంటు కొలవండి

యాసంగి వరి పొట్ట దశ దాటి ఈనుతోంది. సరిగ్గా ఈ రోజుల్లోనే బోర్లలో నీటి మట్టం దిగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ల మీద లోడు పెరుగుతుంది, రివైండింగ్ షాపుల ముందు కాలిన మోటార్లు వరుస కడతాయి. పొట్ట దశ నుంచి పూత ముగిసేదాకా మడిలో పలచగానైనా నీరు నిలవాలి. ఈ సమయంలో నేల బీటలు వారితే కంకి తాలు పోతుంది, తర్వాత ఎంత నీరు పెట్టినా ఆ గింజ నిండదు. అందుకే ఈ నెల మోటారుకే ఎక్కువ చోటిస్తున్నాను. మోటారు కాలడానికి కారణం చాలాసార్లు బోరు లోపల ఉండదు, గట్టు మీది స్టార్టర్ డబ్బాలోనో దానికి వచ్చే లైన్లోనో ఉంటుంది. మూడు ఫేజుల వోల్టేజీ, ఆంపియర్లు చూడకుండా పైపులు లాగించవద్దు, కొత్త మోటారు కొనవద్దు.

వోల్టేజీ కొద్దిగా తగ్గినా మోటారు బలం చాలా తగ్గుతుంది. 415 వోల్టులు రావాల్సిన చోట 332 వస్తే తిప్పే బలం 64 శాతమే మిగులుతుంది. నీటిని తోయాల్సిన ఎత్తు మాత్రం తగ్గదు కనుక మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. ఒక ఫేజు పోతే మిగిలిన రెండు తీగల మీదే భారమంతా పడుతుంది. ఓవర్‌లోడ్ రిలే ఉన్నది ఈ గండం తప్పించడానికే. మాటిమాటికీ ట్రిప్పవుతోందని రిలే సెట్టింగు పెంచేయడం, ఏకంగా దాన్ని తప్పించి తీగ కలిపేయడం ఇంకా ఎంతకాలం? మోటారు పదేపదే ఆగితే పొలం ఎండదా అంటారు. ఆగిన మోటారు కాసేపటికి మళ్ళీ తిరుగుతుంది. కాలినదాన్ని పైకి తీసి, చుట్టించి, దించేసరికి ఎన్ని రోజులు పడుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. రిలే సెట్టింగు నేమ్‌ప్లేటు మీది ఆంపియర్లను మించకూడదు. ఫేజు పోగానే ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ కూడా ఉండి తీరాలి.

టాంగ్ టెస్టర్‌తో మూడు తీగలనూ విడివిడిగా చూడండి. మూడూ సమానంగా, నేమ్‌ప్లేటు అంకె కంటే బాగా తక్కువగా ఉండి, నీళ్ళు ఆగి ఆగి వస్తుంటే బోరులో నీరు అందడం లేదని అర్థం. మోటారును ఎండుగా తిప్పకుండా విరామమిచ్చి నడపాలి. ఒక తీగలో ఎక్కువ, మిగతా వాటిలో తక్కువ ఉంటే మెయిన్ ఆపి, స్టార్టర్లో మోటారు వైపు తీగలను ఒక్కో స్థానం జరపండి: ఎర్ర తీగ పసుపు చోటికి, పసుపు నీలం చోటికి, నీలం ఎరుపు చోటికి. మూడూ ఇలా జరిపితే తిరిగే దిశ మారదు. మళ్ళీ కొలిచినప్పుడు ఎక్కువ కరెంటు అదే టెర్మినల్ దగ్గర నిలిచి ఉంటే లోపం లైనుది. లైన్‌మన్‌ను పిలవండి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు, ఏబీ స్విచ్ జోలికి మీరు పోవద్దు, ప్రాణాలు పోతున్నాయి. ఎక్కువ కరెంటు తీగతోపాటే జరిగితే లోపం కేబుల్లోనో వైండింగులోనో ఉంది. అప్పుడు తీగలు విడదీయించి మెగ్గర్ పెట్టించండి. ఒక మెగా ఓమ్ కూడా చూపకపోతే పైకి తీయించక తప్పదు. స్టార్టర్ డబ్బాకు ఎర్తింగ్ లేకుండా ఈ పనుల్లో ఏదీ మొదలుపెట్టవద్దు.

5 హెచ్‌పీ కాలిందంటే 7.5 వేసుకోమనే సలహా షాపులో తయారుగా ఉంటుంది. పక్క రైతు వేశాడు, నీళ్ళు పెరిగాయి కదా అంటారు. పెరిగితే ఆ బోరులో ఊట ఉండి ఉండాలి. ఊట లేని బోరులో పెద్ద మోటారు ఉన్న నీటిని త్వరగా తోడేసి ఎండుగా తిరుగుతుంది, అదే సన్న కేబుల్లోంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. 200 మీటర్ల రాగి కేబుల్లో 9 ఆంపియర్లు పారితే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 30 వోల్టులు పోతాయి, 4 చదరపు మిల్లీమీటర్లదైతే 12 దాకా. లావు కేబులుకు పెట్టిన డబ్బు దక్కుతుంది, పవర్ సేవర్ డబ్బాలకు పెట్టింది దక్కదు. మోటారుకు తగిన ఐఎస్ఐ కెపాసిటర్ మాత్రం పెట్టించండి. ఆటో స్టార్టర్లు తీసేయమని చెబితే, కరెంటు వచ్చిన ప్రతిసారీ పొలానికి ఎవరు పోతారంటారు. నిజమే. కానీ స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది, ఒక ఫేజు పోయిన ఆ లైన్లోనే అందరి మోటార్లూ మూలుగుతాయి. తీయలేకపోతే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు మాట్లాడుకుని ఒక్కొక్కరి టైమర్‌ను ఒక్కో సమయానికి పెట్టుకోవాలి.

నీరందక తాలు పోయిన కంకులకు మందు అమ్మేవారున్నారు, కొనకండి. తెల్ల కంకి లాగగానే ఊడి వస్తే అది కాండం తొలుచు పురుగు పని. ఆ కంకికీ ఇప్పుడు పిచికారీతో ఒరిగేదేమీ లేదు. బత్తాయి పాదుల్లో ఎండుటాకులు పరిచి తడి కాపాడండి. మిరప ఆఖరి కోతకు వచ్చిన చోట పిచికారీలు ఆపేయండి. ముందుగా నాటిన వరికి కోతకు పది పదిహేను రోజుల ముందే నీరు కట్టేసి, ఆ తడిని ఇంకా పాలు పోసుకుంటున్న మళ్ళకు మళ్ళించండి.