తగ్గిందా, తగ్గించారా?

ఎముక విరిగి రాచపాళెం పోయి పుత్తూరు కట్టు కట్టించుకొచ్చినవాళ్లను ఇరుగుపొరుగు ముందుగా అడిగేది "వాపు తగ్గిందా?" అనే. నొప్పి తగ్గుతుంది, జ్వరం తగ్గుతుంది, వాన తగ్గుతుంది, టమోటా ధర తగ్గుతుంది, అమ్మ కోపమూ తగ్గుతుంది. తెలుగులో ఒక్క మాట ఇన్ని పనులు చక్కబెడుతుంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడే చిక్కు. అక్కడ కూడా అన్నింటికీ ఒకటే మాట చాలనుకుని "ఫీవర్ రిడ్యూస్ అయింది", "ఐ రిడ్యూస్డ్ ఫైవ్ కేజీస్" అనేస్తాం. వినేవాళ్లకు అర్థమవుతుంది, నిజమే. కానీ చెన్నైలోనో బెంగళూరులోనో ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు అర్థమైతే సరిపోదు. మీకు పని మీద ఎంత పట్టుందో మీ మాటలోనే కనిపించాలి.

అలాగని పర్యాయపదాల పట్టికలు బట్టీ పట్టకండి. క్రియను అది అతికే వస్తువుతో కలిపి నేర్చుకోండి. ఉబ్బినదీ పొంగినదీ అణిగితే సబ్‌సైడ్. అందుకే వాపు, వరద, కోపం మూడింటికీ ఆ మాట సరిపోతుంది. నొప్పి కాస్త నెమ్మదిస్తే ఈజ్. జ్వరం కమ్ డౌన్. ఒంటి బరువు లూజ్. చక్కెర వాడకం మనమే తగ్గించుకుంటే కట్ డౌన్ ఆన్. డాక్టరు మందు మోతాదును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పిస్తే టేపర్. మగ్గాల ఊరైన పుత్తూరువాళ్లకు బట్టల సంగతి చెప్పనక్కర్లేదు: ఉతికాక ముడుచుకుపోతే ష్రింక్, టైలరు పొడవు తగ్గిస్తే షార్టెన్, లూజు తగ్గిస్తే టేక్ ఇన్. కైలాసకోనలో ధార రోజురోజుకూ సన్నబడితే డ్విండిల్. టీవీ సౌండు తగ్గించడం టర్న్ డౌన్, అయితే ఉద్యోగాన్ని టర్న్ డౌన్ చేశామంటే వద్దన్నామని అర్థం. అక్కడ జాగ్రత్త. తెలుగూ తమిళమూ ఒకే నోట గడగడా పలికే పుత్తూరు పిల్లలకు ఇదేమంత కష్టం కాదు.

మాటల ఎంపిక కన్నా పెద్ద సంగతి ఒకటుంది. పని చేసినవాళ్లెవరో మీ వాక్యం చెబుతోందా? పవర్‌లూమ్ షెడ్డులో కరెంటు ఖర్చు మీద ప్రాజెక్టు చేసిన విద్యార్థి "కన్సంప్షన్ డిక్రీజ్డ్" అని ఊరుకుంటే, అది దానంతటదే తగ్గినట్టుంటుంది. "వియ్ రిడ్యూస్డ్ ఇట్" అంటే ఆ పని వెనక మనుషులు కనిపిస్తారు. మన భాషలో ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో చూడండి: తగ్గడం వేరు, తగ్గించడం వేరు. చిన్నప్పటినుంచీ తప్పు లేకుండా వాడుతున్న ఈ తేడాను ఇంగ్లీషులోకీ తీసుకెళ్లండి. "నేను", "మేము" అనడానికి మొహమాటపడొద్దు.

ఆ వెంటే లెక్క చెప్పండి. 200 యూనిట్లు 150 అయితే "బై 50", లేదా "టు 150". ఈ రెంటినీ తారుమారు చేస్తే మీ కష్టం మొత్తం తప్పుగా అర్థమవుతుంది. యాభై తగ్గిందా, యాభైకి తగ్గిందా అని ముందు తెలుగులో అనుకుంటే బై, టు వాటంతటవే సరిగ్గా పడతాయి.

ఇంగ్లీషులో బిలిటిల్ అని ఇంకో క్రియ ఉంది. చిన్నచేసి మాట్లాడటమని అర్థం. దాన్ని మొదట రాతలో వాడినవాడిగా థామస్ జెఫర్సన్‌కు పేరు. అమెరికా జంతువులు ఐరోపా జంతువులకన్నా చిన్నవని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బఫాన్ రాశాడు. జెఫర్సన్ 'నోట్స్ ఆన్ ద స్టేట్ ఆఫ్ వర్జీనియా'లో రెండు ఖండాల జంతువుల బరువులనూ పక్కపక్కన పట్టికలుగా వేసి జవాబిచ్చాడు. అంతటితో ఆగకుండా 1787లో న్యూహాంప్‌షైర్ నుంచి మూస్ అనే భారీ దుప్పి చర్మమూ ఎముకలూ పారిస్‌కు తెప్పించాడు. ఆ కొత్త మాటను ఇంగ్లండు విమర్శకులు వెక్కిరించారు. మాట మాత్రం నిలబడిపోయింది. మిమ్మల్ని ఎవరైనా చిన్నచేస్తే కోపంతో కాదు, కొలతతో జవాబు చెప్పండి.

బాధ కలిగించేది, మనల్ని మనమే చిన్నచేసుకోవడం. "మీదే ఊరు?" అంటే "ఏదో చిన్న ఊరు సార్, చెన్నై దగ్గర" అని నసిగే పిల్లలున్నారు. ఎందుకలా? పక్క రాష్ట్రాల్లోనూ వైద్యశాలల బోర్డుల మీద "పుత్తూరు కట్టు" అని రాసుకుంటున్నారు. పేరు గట్టిగా చెప్పండి. పెద్దల ముందు తగ్గి మాట్లాడటం మన మర్యాద, దాన్ని వదులుకోనక్కర్లేదు. తనను తాను తగ్గించుకోవడం మర్యాద కాదు. ఇంటర్వ్యూలో "ఐ ఓన్లీ హెల్ప్‌డ్ ఎ లిటిల్" అనే ముందు, మీరు నిజంగా చేసిందేమిటో గుర్తు చేసుకోండి. కోడ్ సగం మీదైతే సగం నాదని చెప్పండి.

ఈ వారం ఒక సాధన చేయండి. రైల్లో తిరుపతికి పోతూ తెలుగు పేపరు తెరిచి, "తగ్గింది" అన్న ప్రతి వార్త దగ్గరా ఆగండి. ఏది తగ్గింది, ఎవరు తగ్గించారు, ఎంత? పక్కనున్న స్నేహితుడికి ఇంగ్లీషులో పైకి చెప్పండి. గోదావరి నీటిమట్టం తగ్గితే ఫెల్ అనండి, దాన్ని ఎవరూ తగ్గించలేదు కాబట్టి. పరీక్ష ఫీజు తగ్గిందంటే మాత్రం ఎవరో సంతకం పెట్టి ఉంటారు. ఆ పేరు వార్తలో వెతికి, దానితోనే వాక్యం మొదలుపెట్టండి.