పసిబిడ్డల ప్రతిజ్ఞ - పెద్దల ఉదాహరణము

ప్రతిదినము ఉదయము గంట మ్రోగగనే మన ప్రాథమిక పాఠశాలలలో బాలబాలికలు వరుసలు దీరి, కుడిచేయి ముందునకు చాచి, ఒక్క గొంతుతో ప్రతిజ్ఞ చెప్పుదురు. దేశమును తల్లిగాను, దేశీయులనందరను తోబుట్టువులుగాను భావించుటతో ఆరంభమై, వారి మేలే తన ఆనందమునకు మూలమని పలుకుటతో ముగియు ఆ కొద్ది వాక్యములు బిడ్డ తన జీవితమున పదిమంది యెదుట ఇచ్చు మొదటి మాట. మన యింట ఏ వ్రతము చేసినను ముందు సంకల్పము చెప్పుకొందుము. సంకల్పము చెప్పి వ్రతము మానుట దోషమని మన పెద్దలు భయపడుదురు. మరి బిడ్డలచేత నిత్యము చెప్పించుచున్న ఈ సంకల్పము విషయమున మనకు ఆ జాగ్రత్త కలదా యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ఈ ప్రతిజ్ఞ తెలుగుగడ్డపై, తెలుగుభాషలో పుట్టినదన్న సంగతి మనలో పలువురకు తెలియదు. దీనిని రచించిన శ్రీ పైడిమర్రి వెంకటసుబ్బారావుగారు నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామమున జన్మించినవారు. విశాఖపట్టణమున జిల్లా ఖజానా అధికారిగా పనిచేయుచు, చైనాతో యుద్ధము సంభవించిన 1962వ సంవత్సరమున, పిల్లల మనస్సులలో దేశభక్తి నాటుకొనవలెనను తలంపుతో దీనిని వ్రాసిరి. తెన్నేటి విశ్వనాథముగారి ద్వారా ఇది నాటి విద్యామంత్రి పి.వి.జి. రాజుగారి దృష్టికి వచ్చినది. 1963లో విశాఖపట్టణమున ఒక పాఠశాలలో మొదట చదివింపబడి, 1965 జనవరి 26 నుండి దేశమంతట పాఠశాలలలో ప్రవేశపెట్టబడినది. పలుభాషలలోనికి అనువదింపబడి నేటికిని కోట్లాది బిడ్డల నోట పలుకుచున్నది. ఆ మహనీయుడు 1988లో దివంగతుడయ్యెను.

వల్లించుట ఒక మెట్టు మాత్రమే

అర్థము తెలియని పసివారిచేత వల్లింపజేయుట యెందులకని కొందరు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ సరికాదు. వేదపాఠశాలలలో మొదట సంతయే. గురువు ఒకమారు చెప్పును; శిష్యులు రెండుమారులు చెప్పుదురు. నోరు తిరిగిన పిమ్మట అర్థవిచారము. లేతవయస్సున ధారణకు వచ్చినది ముదిమివరకు నిలుచును. అయితే అధ్యయనముతోనే నిలిచిపోయి అర్థము నెరుగని వానిని యాస్కమహర్షి తన నిరుక్తమున బరువు మోయు మ్రానుతో పోల్చెను. కావున దోషము వల్లించుటలో లేదు. వల్లించుటతో ఆగిపోవుటలో ఉన్నది. ముందుగా ఆ ప్రతిజ్ఞలోని కొన్ని మాటల అర్థమును చూతము.

సహోదరుడనగా సమానమైన ఉదరము గలవాడు. ఒక్క తల్లి కడుపున పుట్టినవాడని భావము. దేశమును తల్లి యని చెప్పిన పిమ్మట దేశీయులు సహోదరులగుట దానంతట అదే సిద్ధించును. మొదటిదానిని ఒప్పుకొని రెండవదానిని కాదనుటకు వీలులేదు. తల్లికి దండము పెట్టుచు తమ్ముని ముట్టనని దూరము తొలగువాడు తల్లినే అవమానించినవాడగును.

వారసత్వ మను మాట వెంటనే దానికి తగినవాడనగుటకు పాటుపడుదునను మాటయు ప్రతిజ్ఞలో చేర్చబడినది. ఇది గమనింపదగినది. తాతలు త్రవ్వించిన చెరువును చూచి గర్వపడుట ఎవరికైనను సులభము. పూడిక తీయువాడే ఆ చెరువునకు అర్హుడు. గర్వము అర్హతతో కూడినప్పుడే శోభించును.

మర్యాద యనగా నేడు మనము మన్నన యని మాత్రమే అనుకొందుము. సంస్కృతమున దానికి మొదటి అర్థము హద్దు, ఎల్ల. సముద్రుడు చెలియలికట్టను దాటడు. అది ఆయన మర్యాద. శ్రీరామచంద్రుని మర్యాదాపురుషోత్తముడని లోకము కీర్తించుట అందులకే. ఇతరుని పలక ఇతరునిది, ఇతరుని వంతు ఇతరునిది, ఇతరుడు మాటలాడునప్పుడు నేను వినవలయును - ఇట్లు తన హద్దు తానెరుగుట పసివానికి మొదటి పౌరధర్మము. పౌరుడనగా పురమున నివసించువాడు. పదిమందితో కలిసి ఒకచోట బ్రతుకవలసినవానికి హద్దు తెలియకున్న ఊరు ఊరుగా నిలువదు.

ఇక శ్రేయస్సు. కఠోపనిషత్తున యమధర్మరాజు నచికేతునకు శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరని ఉపదేశించెను. అప్పటికి ఇంపైనది ప్రేయస్సు. తుదకు మేలైనది శ్రేయస్సు. ప్రజల శ్రేయస్సే తన ఆనందమని బిడ్డ పలుకుచున్నాడు. ఆ మాట విన్న నచికేతుడును పసివాడే యని మరువరాదు.

తర్కశాస్త్రము చెప్పు అయిదు అంగములు

ప్రతిజ్ఞ యను మాటకు లోకమున మాట యిచ్చుట యని అర్థము. తర్కశాస్త్రమున ఇంకొక అర్థము కలదు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును మన పాఠశాలలలో బాలురకు మొదటి తర్కగ్రంథముగా చెప్పుదురు. ఒక విషయమును ఇతరులకు నిరూపించుటకు అయిదు అవయవములు కావలయునని అందు చెప్పబడినది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కొండపై నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ కనబడుచున్నది గనుక ననుట హేతువు. పొగ యెక్కడనో నిప్పక్కడ, వంటయింటిలో వలె ననుట ఉదాహరణము. ఈ కొండయు అట్టి పొగ గలదియే యనుట ఉపనయము. కావున కొండపై నిప్పున్నదనుట నిగమనము. ప్రతిజ్ఞ ఒక్కటియే చెప్పి కూర్చుండినవాని వాదము నిలువదు.

మన పాఠశాలలలో చెప్పించుచున్నది ఈ అయిదింటిలో మొదటిది మాత్రమే. తక్కిన నాలుగు అవయవములను ఎవరు పూరింపవలెను?

హేతువు

హేతువును చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. అందరును నాకెట్లు తోబుట్టువులని పసివాడడిగిన, దానికి సమాధానము వాని కంచములోనే కలదు. ఆ అన్నమును పండించిన రైతును వాడు చూడలేదు. ఆ ఉప్పు సముద్రతీరమున మడులు గట్టినవారి చెమట. వాని చొక్కా నూలు ఒకరు వడికినది, గుడ్డ ఒకరు నేసినది. బడికి వచ్చిన బాట మరియెవరో వేసినది. వీరిలో ఏ ఒక్కరును వాని కులమును గాని, భాషను గాని, మతమును గాని అడిగి పనిచేయలేదు. ఈ సంగతిని ఒక్క పూట నిదానముగా చెప్పిన ఉపాధ్యాయుడు ఆ బిడ్డకు ప్రతిజ్ఞలోని సగమును బోధించినవాడే.

ఉదాహరణము

ఇది అన్నిటికంటె ముఖ్యము. తార్కికుడు నిప్పునకు ఉదాహరణముగా వంటయింటిని గ్రహించెను. ఉదాహరణము అందరును కన్నులార చూచిన చోటుగా ఉండవలెను. బిడ్డ కన్నులార చూచునది తన యిల్లే.

పురాణములలో ఉదాహరణములకు కొదువ లేదు. సాందీపని గురుకులమున శ్రీకృష్ణుడును కుచేలుడును ఒక్కచోట చదివిరి. గురుపత్ని కోరగా కట్టెలకై అడవికి పోయి, గాలివానలో చిక్కుకొని, ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రియంతయు గడపిరి. జగన్నాథుడును పేదబాపని బిడ్డయు మోసినవి ఒకే అడవిలోని కట్టెలు. పెద్దవాడై ద్వారకను ఏలుచున్న కృష్ణుడు ఆ నాటి కట్టెలమోపు ముచ్చటను మరువక కుచేలునకు గుర్తుచేసెను. ఒక్క బడిలో కూర్చుండుటలోని బలిమి అట్టిది. తిరుక్కోష్టియూరున భగవద్రామానుజులవారు గోపురమెక్కి రహస్యార్థమును అందరకు చాటిరని మన గురుపరంపర చెప్పుచున్నది. అందరు అను మాటను తమకు నరకము వచ్చినను విడువని ఆచార్యుని వారము మనము. ప్రతిజ్ఞలోని అందరు అను మాటను మన బిడ్డలు తేలికగా పలుకుటను మనమెట్లు సహింపగలము?

అయినను పురాణమునందలి ఉదాహరణము చెవికి అందును. ఇంటి ఉదాహరణము కంటికి అందును. రెండును విరోధించినచో బిడ్డ కంటినే నమ్మును. యాత్రకు బయలుదేరిన తండ్రి బస్సులో అర టిక్కెట్టు కొరకు బిడ్డ వయస్సును తగ్గించి చెప్పుచున్నాడు. ఆ బిడ్డ ప్రక్కనే ఉండి వినుచున్నది. తన వయస్సు తనకు తెలియును. నాలుగు రూపాయలకు సత్యము విక్రయింపబడునని ఆ బిడ్డ ఆ దినమున నేర్చుకొన్నది. ఆ పాఠము నేర్పినవాడు కన్నతండ్రి. దర్శనమునకు క్యూలో నిలిచినప్పుడు ముందున్న ముసలివారిని త్రోసి పోవుట, సత్రములో కుళాయి విప్పి వదలుట, తిని పారవేసిన ఆకులతో మెట్లదారిని మలినము చేయుట - ఇవియన్నియు ఉదాహరణములే. పరమాత్మ సన్నిధికి పోవుచు దారిపొడవున బిడ్డకు అమర్యాదను బోధించినచో ఆ యాత్రవలన ఫలమేమి?

మేలైన ఉదాహరణమును చూపుటకు తీర్థక్షేత్రమే తగినచోటు. తిరుమలలో నిత్యాన్నదానము 1985లో ఆరంభమైనది. అచ్చట పంక్తిలో మన ప్రక్క కూర్చున్నవారు ఏ రాష్ట్రమువారో, ఏ భాషవారో మనకు తెలియదు. అందరి విస్తరిలోనిది స్వామి ప్రసాదమే. ఆ పంక్తిలో బిడ్డను కూర్చుండబెట్టి, వీరందరు ఎవరని అడిగి, మన తోబుట్టువులని చెప్పించిన తల్లి ప్రతిజ్ఞకు ఉదాహరణమును చూపినదగును.

ఉపనయము

ఉపనయమనగా ఆ నియమమును ఎదుటనున్న విషయమునకు చేర్చి చూపుట. విన్నదానిని, చూచినదానిని బిడ్డ తన నడవడికి చేర్చుకొనవలెను. దీనికి పాఠశాలయే రంగస్థలము. ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్నభోజన పథకము దేశమున 1995లో మొదలైనది. వండిన అన్నమునే పెట్టవలెనని 2001లో సుప్రీముకోర్టు ఆదేశించెను. ఆ పంక్తియందు బిడ్డలు ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారో, వండినవారి కులమును బట్టి యెవరైన విస్తరి విడిచి లేచుచున్నారో చూచిన చాలును. ఉదయము చెప్పిన ప్రతిజ్ఞ మధ్యాహ్నమునకు నిలిచినదో లేదో తెలియును. ఇంటనుండి అట్టి మాటలను బిడ్డ చెవిని వేసి పంపువారు, ఆ బిడ్డచేత దినదినము అసత్యము పలికించుచున్నారు.

ఉపాధ్యాయులు పెద్ద ఉపన్యాసములు చేయ పనిలేదు. తరగతిగదిని ఊడ్చుటకు, మొక్కలకు నీరు పోయుటకు వంతులు పెట్టి, అధికారి బిడ్డకును కూలివాని బిడ్డకును ఒకే వంతు నియమింపవలెను. తగవు వచ్చినచో ఇరువురి మాటను పూర్తిగా విని, తరగతియెదుట తీర్పు చెప్పవలెను. నెలకొక నాయకుని బిడ్డలచేతనే ఎన్నుకొనజేయవలెను. ఓడినవాడు గెలిచినవానికి సాయపడవలెనని నేర్పవలెను. ఇంట వేరొక భాష మాటలాడు బిడ్డ క్రొత్తగా చేరినచో, వాని భాషలో నాలుగు మాటలు అందరును నేర్చుకొనవలెను. మన బిడ్డ నొసట తిరుమణి ధరించి పోవుగాక; ప్రక్కబిడ్డ తన యింటి ఆచారము చొప్పున వచ్చుగాక. సర్వభూతములయందును అంతర్యామిగా శ్రీమన్నారాయణుడే యున్నాడని నమ్మినవారికి ఇంకొకరి ప్రార్థనను పరిహసింప నోరాడదు.

మన రాజ్యాంగమున 1976లో చేర్చబడిన ప్రాథమిక విధులయందును ఈ భావములే కలవు. మత, భాషా, ప్రాంత భేదములకు అతీతమైన సోదరభావమును పెంపొందించుట, అడవులను, నదులను, సరస్సులను కాపాడుట, ప్రాణులయెడ కరుణ చూపుట, ప్రజల ఆస్తిని రక్షించుట అందు ముఖ్యములు. ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకు చదువుకొను అవకాశమును కల్పించుట తలిదండ్రుల విధియని 2002లో మరియొకటి చేర్చబడినది. విధులు పుస్తకమున పదకొండు. అవి బిడ్డ చేతులలోనికి వచ్చినప్పుడు చీపురుగా, నీటిచెంబుగా, ప్రక్కవానికి ఇచ్చిన బలపముగా మారును.

నిగమనము

నిగమనమునందు మరల ప్రతిజ్ఞలోని మాటయే వచ్చును. కాని మొదట అది చెప్పబడినది మాత్రమే. ఇప్పుడు కావున అను మాటతో కూడి సిద్ధమైనది. పదునెనిమిది యేండ్లు నిండి ఓటుహక్కు పొందిన నాడు ఆ బిడ్డ పౌరుడగును. శ్రీరామ పట్టాభిషేకమునకు ముందు దశరథమహారాజు పౌరులను, జానపదులను సభకు పిలిచి వారి అభిప్రాయమును అడిగినట్లు వాల్మీకిమహర్షి వర్ణించెను. రాజు అడిగిననాడు నిర్భయముగా, ధర్మముగా బదులు చెప్పగల పౌరులుండిరి గనుకనే అది అయోధ్య యయ్యెను. అట్టి పౌరుడు ఓటు వేయుదినమున అకస్మాత్తుగా పుట్టడు. పసితనమున వంతు పాటించినవాడు, ఇరుపక్షముల మాట వినుట చూచినవాడు, ప్రక్కవానితో కూర్చుండి తిన్నవాడు క్రమముగా అట్టివాడగును.

అరణ్యవాసమున శ్రీరాముడు సీతమ్మతో, ప్రాణమునైనను, ఆమెనైనను, లక్ష్మణునైనను విడువగలనుగాని, చేసిన ప్రతిజ్ఞను విడువజాలనని పలికెను. ఆ స్వామిని కొలుచు గృహస్థులమైన మనము, మన బిడ్డలు చేయుచున్న ప్రతిజ్ఞ వమ్ముగాకుండ చూచుకొనుట మనకును కైంకర్యమే. నేటి సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట, ప్రతి యింటివారును తమ బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని ఆ ప్రతిజ్ఞను చెప్పుమని అడుగుదురుగాక. ఒక్కొక్క మాటకు అర్థము చెప్పుదురుగాక. అర్థము చెప్పలేని మాట యెదురైనచో, అది తాము ఆచరింపని మాట యగునేమో యని ఆలోచింతురుగాక. శ్రీవేంకటేశ్వరుడు మన బిడ్డల పలుకునకును నడతకును భేదము లేకుండ అనుగ్రహించుగాక!