వెక్కిరించడం వేరు, ఎగతాళి వేరు

ఫస్టియర్ సెమినార్‌లో మా రూమ్మేట్ 'డిటర్మిన్'ని 'డిటర్‌మైన్' అన్నాడు. వాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ రాత్రి హాస్టల్లో నేను అచ్చం వాడిలాగే అని చూపించా. అందరూ నవ్వారు. "జోకే కదరా" అన్నా. "నవ్వితే నవ్వారులే. నాలా మాట్లాడి చూపించావు చూడు, అదే గుచ్చుకుంది" అన్నాడు.

నేను చేసినదాన్ని ఏమంటారో డిక్షనరీలో వెతికా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే అయినా ఈ మాటలన్నీ ఒక్కటే అనుకునేవాణ్ణి. కాదు.

'మాక్'లో అనుకరణ ఉంటుంది. మాక్ టెస్ట్‌లో ఉన్నదీ అదే. మన వెక్కిరింపు అన్నమాట. 'రిడిక్యూల్'కి అనుకరణ అక్కర్లేదు, నవ్వులపాలు చేస్తే చాలు. అది ఎగతాళి. 'జీర్' ఎక్కువగా గుంపు పని, కేకలూ అరుపులూ. 'టాంట్' అంటే లోటు ఎత్తి దెప్పడం. 'స్కాఫ్' అంటే ఎదుటివాళ్ల మాటని "ఆ, అయ్యిందిలే!" అని తీసిపారేయడం. 'స్నీర్' ముఖంలోనే తెలిసిపోతుంది, పెదవి వంకరవుతుంది.

ఇవన్నీ పైకి కనబడేవి. 'డిస్‌డెయిన్', 'కంటెంప్ట్' లోపల ఉండేవి. మొదటిది "ఇది నా స్థాయి కాదు" అనే చిన్నచూపు. రెండోది అసలు గౌరవానికే తగదన్న తిరస్కారం. కోర్టు ధిక్కారానికి ఇంగ్లిష్‌లో వాడేదీ ఈ మాటే.

వాడంటే నాకు తిరస్కారం లేదు. కానీ వాడి ఇంగ్లిష్ అంటే చిన్నచూపు ఉంది. వెక్కిరింపు అందులోంచే వచ్చింది. అందుకే "జోక్ చేశా, సారీ" అనలేదు. "వెక్కిరించాను రా, తప్పు నాదే" అన్నా.

ఈ వ్యాసంలో నా ఒత్తుల తప్పులన్నీ వాడే దిద్దాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు.