గుంటడు నేర్పిన సంగతులు

మా మనవడికి పదకొండేళ్లు. మొన్న వేసవిలో ఓ రోజు భోజనాల దగ్గర, "తాతా, నాకొక అలిగేటర్ స్నాపింగ్ తాబేలు కొనిపెట్టవా?" అని అడిగాడు. వాడు చూసే వీడియోల్లో అది పుచ్చకాయల్ని, చీపురు కర్రల్ని ఫట్‌మని కొరికేస్తుంది. వాడి నాన్న తినడం ఆపి నా మొహంలోకి చూశాడు. మా అబ్బాయి పెరిగింది అలాంటి తాబేలు పక్కనే. పదమూడేళ్లు మా ఇంట్లో ఉంది అది. మనవడికి అప్పటికప్పుడు అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోయాను. ఆ రాత్రి నుంచి నాకు తెలిసినవి ఒక్కొక్కటే కాగితం మీద పెడుతూ వచ్చాను.

1. దాన్ని చూడాలంటే ముందు మనం కదలకుండా కూర్చోవాలి.

మాది శ్రీకాకుళం పక్క పల్లె. శ్రీకూర్మం వెళ్తే అందరూ గర్భగుడి వైపు నడిచేవారు, నేను తాబేళ్లున్న చోటికి పరిగెత్తేవాణ్ణి. ఆ పిచ్చి నాతోపాటే అమెరికా వచ్చింది. 1983లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో ఉద్యోగం చేస్తుండగా, నాతో పనిచేసే ఒకాయన కాఫీ డబ్బాలో తాబేలు పిల్లని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అరచేతిలో సగం కూడా లేదు. డిప్ప మీద మూడు వరసల గట్లు, గద్దముక్కు, కళ్ల చుట్టూ నక్షత్రంలా పొడుచుకొచ్చిన చర్మపు కొసలు. మా ఆవిడ దాన్ని చూసి "ఓరి గుంటడా" అంది. అదే పేరైపోయింది.

మొదటి వారం అది చచ్చిపోయిందేమో అనుకున్నాను. తొట్టి అడుగున రాయిలా పడి ఉండేది. ఒక ఆదివారం కుర్చీ వేసుకుని గంటసేపు ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు నోరు తెరిచింది. లోపలంతా బురద రంగు. మధ్యలో నాలుక మీద చిన్న వానపాములాంటిది, రెండు కొసలూ మెలికలు తిరుగుతోంది. అది పాము కాదు, దాని నాలుకలోదే, పుట్టుకతో వచ్చిన ఎర. తొట్టిలో వేసిన చేప దగ్గరికొచ్చి ఆ ఎరని ముట్టుకుందో లేదో, నోరు మూసుకుంది. కొంగ జపం గురించి చిన్నప్పుడు విన్నాను గానీ, వేటగాడూ గాలమూ ఎరా అన్నీ ఒకే నోట్లో ఉండటం ఆ రోజే చూశాను. పెద్దయ్యాక ఈ ఎర మీదే ఆధారపడదు, రాత్రిళ్లు అడుగున నడుస్తూ వెతుక్కుంటుంది. చేపలు, నత్తలు, ఆల్చిప్పలు, నీళ్లలో రాలిన ఓక్ కాయలు కూడా తింటుంది. పుచ్చకాయ వీడియోల్లో ఇవేమీ కనిపించవు.

2. అడిగినప్పుడల్లా పెట్టడం ప్రేమ కాదు.

నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఇది. గోల్డ్‌ఫిష్ చవగ్గా దొరికేవి. గుంటడు వాటిని పట్టుకోవడం చూస్తే మాకు ముచ్చటేసేది. రెండేళ్లు అవే పెట్టాను. మూడో ఏడు వాడు తల ఎత్తడం మానేశాడు, కాళ్లు తడబడ్డాయి. పశువైద్యురాలు చూసి, గోల్డ్‌ఫిష్‌లో బి1 విటమిన్‌ని విరిచేసే పదార్థం ఉంటుందని, అవే తింటూ పోతే ఒంట్లో ఆ విటమిన్ ఖాళీ అయిపోతుందని చెప్పింది. తిండి మార్చాం. కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

అప్పటి నుంచి ఓ నీలం అట్ట నోటుబుక్కు పెట్టుకున్నాను. ప్రతి నెలా మొదటి ఆదివారం వాడి బరువు, ఏం తిన్నాడు, నీళ్లు ఎప్పుడు మార్చాం, అన్నీ రాసేవాణ్ణి. నీళ్ల సంగతే ఒక పుస్తకమవుతుంది. పిల్లగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కువ పోయకూడదు, ఎందుకంటే ఇది అంత బాగా ఈదదు, అడుగున నడిచే జీవి. నిలబడి మెడ చాస్తే ముక్కు పైకి అందాలి. పెద్దయ్యాక ఒకసారి పీల్చిన గాలితో ముప్పావుగంట దాకా లోపల ఉండగలదు.

3. తోక పట్టుకుని ఎత్తకూడదు.

అందరూ అలాగే ఎత్తుతారు, తోక పొడుగ్గా ఉంటుంది కాబట్టి. ఆ బరువంతా తోక మీద పడితే వెన్నుపూసలు దెబ్బతింటాయి. తల వెనకాల డిప్ప ముందు అంచుని ఒక చేత్తో, వెనక అంచుని ఇంకో చేత్తో పట్టుకోవాలి. దీని మెడ పొట్టిది కాబట్టి ఆ చేతిని అందుకోలేదు. మామూలు స్నాపింగ్ తాబేలు మెడ పొడుగు. దాని దగ్గర ఈ పట్టు పనికిరాదు, ఈ తేడా తెలియకపోతే వేళ్లు పోతాయి.

కాటు బలం గురించి వెయ్యి పౌన్లని ఎవరో అన్నారు, అందరూ పట్టుకున్నారు. శాస్త్రవేత్తలు పరికరం పెట్టి కొలిస్తే వచ్చింది సుమారు 158 న్యూటన్లు. మనం దవడ పళ్లతో గట్టిగా కొరికితే అంతకన్నా ఎక్కువే వస్తుంది. కానీ మన పళ్లు దాని గద్దముక్కులా సాన పట్టి లేవు కదా. ఈ జంతువుని రాక్షసిగా చూపించి అమ్ముకునేవాళ్లంటే నాకు కోపం. భయపెట్టే బొమ్మగా కొన్నవాడు, ఆ భయం తీరాక దాన్ని ఏం చేస్తాడు?

4. దాని ఆయుష్షు, మన ఆయుష్షు పక్కపక్కన వేసి చూసుకోవాలి.

జంతుప్రదర్శనశాలల్లో ఇవి 70 ఏళ్లు బతికిన దాఖలాలున్నాయి. షికాగోలోని షెడ్ అక్వేరియంలో ఉన్న ఓ మగది 113 కిలోలు తూగింది. ఉత్తర అమెరికా మంచినీళ్లలో ఇంతకన్నా పెద్ద తాబేలు లేదు. కాఫీ డబ్బాలో వచ్చినప్పుడు ఈ లెక్క మనకి తట్టదు.

1996లో నాకు హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. టెక్సాస్‌లో ఈ తాబేలు రక్షిత జాతి, ఇంట్లో పెట్టుకోకూడదు. అప్పటికి గుంటడు పద్నాలుగు కిలోలు, గరాజ్‌లో సగం వాడి తొట్టే. నదిలో వదిలేద్దామని మా అబ్బాయి ఏడ్చాడు. అది ఇంకా పెద్ద తప్పు. ఏ నదిలోంచి వచ్చిందో మాకు తెలియదు. ఒక్కో నదిలోని తాబేళ్లకి జన్యువుల్లో తేడా ఉంటుంది. ఇంట్లో పెరిగినది ఏ రోగం మోసుకెళ్తుందో చెప్పలేం. మూడు నెలలు తిరిగితే లూసియానాలోనే ఓ ప్రకృతి కేంద్రం వాళ్లు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. అప్పగించి వెనక్కి వచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు.

అందరికీ ఆ దారి దొరకదు. 2013లో జర్మనీలోని బవేరియాలో ఓ పిల్లాడి మడమ వెనక స్నాయువు తెగింది. ఎవరో చెరువులో వదిలేసిన ఈ జాతి తాబేలే కరిచి ఉంటుందన్నారు. చెరువు నీళ్లన్నీ తోడినా అది దొరకలేదు. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లాండ్‌లోని కంబ్రియాలో ఓ చెరువులో ఒకటి బయటపడింది. చలితో వణికించే ఆ నీళ్లలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరపు జీవి ఎన్నాళ్లు ఉందో. మన హైదరాబాదులో అక్వేరియం దుకాణాల్లో చెవుల దగ్గర ఎర్ర చార ఉండే తాబేలు పిల్లల్ని కొని, పెద్దవయ్యాక చెరువుల్లో వదిలేవాళ్ల కథ కూడా ఇదే. వాటి పుట్టిల్లు కూడా అమెరికాలోని మిసిసిపీ నది వైపే.

5. కాగితాలు చూసుకోండి.

అమెరికాలో నాలుగంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్లని పెంపకానికి అమ్మడం 1975 నుంచి నిషేధం. పిల్లలకి వాటివల్ల సాల్మొనెల్లా సోకుతుంది. 2022లో పనామాలో జరిగిన సైటిస్ (వన్యజాతుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) సమావేశంలో ఈ తాబేలుని రెండో అనుబంధంలో చేర్చారు, అంటే అనుమతి లేకుండా దేశాలు దాటించకూడదు. భారతదేశంలో కూడా వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం, సైటిస్ జాబితాలోని విదేశీ జంతువుల్ని పెంచేవాళ్లు వివరాలు నమోదు చేయించాలి. "ఎవరు చూడొచ్చారు" అనే మాట నా దగ్గర అనకండి.

6. పెద్దవాటిని తీస్తే ఏరు ఖాళీ అవుతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది లూసియానాలోని అచఫలాయా చిత్తడి ఒడ్డున ఉండే ఒక ముసలాయన. ఇంగ్లీషులో అక్కడి కేజన్ ఫ్రెంచి కలిపి మాట్లాడేవాడు. ఒకప్పుడు తాబేళ్ల వేటే ఆయన బతుకుతెరువు. చలికాలంలో కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో బురద గుంటల్లో పొడుచుకుంటూ పోతే, డిప్ప తగిలినప్పుడు వచ్చే చప్పుడుని బట్టి ఎంత పెద్దదో చెప్పగలిగేవాడు. ఆయన ఇంటి వరండాలో మా ఆవిడ పట్టుకెళ్లిన పులిహోర తింటూ నాకు చెప్పాడు: మొదటి రెండేళ్లు ఇద్దరు మోయలేనివి దొరికాయి. ఐదో ఏటికి ఒక్కడే ఎత్తగలిగేవి. తర్వాత చువ్వకి బురదే తగిలేది. "నేను మానలేదు, అవే అయిపోయాయి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి గాల్లో చువ్వ పట్టుకున్నట్టే ఉంది.

ఆ మాంసమంతా ఎక్కడికి పోయింది? న్యూ ఆర్లీన్స్‌లో షెర్రీ పోసి వడ్డించే తాబేలు సూపులోకి, డబ్బా సూపుల్లోకి. జార్జియాలోని ఫ్లింట్ నదిలో 1960ల చివర, 70లలో వేట ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో రోజుకి మూడు నాలుగు టన్నుల తాబేళ్లు తీశారని తాబేళ్ల శాస్త్రవేత్త పీటర్ ప్రిచర్డ్ తన 1989 నాటి పుస్తకంలో రాశాడు. రాష్ట్రాలు ఒక్కొక్కటీ నిషేధిస్తూ వచ్చాయి. వ్యాపార వేటని చిట్టచివర ఆపింది లూసియానా, 2004లో.

ఆపితే మళ్లీ పెరగవా అని మనవడు అడిగాడు. ఇక్కడే లెక్క చూడాలి. ఆడది గుడ్డు పెట్టే వయసుకి రావడానికి పది పన్నెండేళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. ఏడాదికి ఒక్కసారే పెడుతుంది. గుడ్ల కోసమే ఒడ్డెక్కుతుంది, మిగతా బతుకంతా నీళ్లలోనే. గుంట తవ్వి మట్టి కప్పి వెళ్లిపోతుంది. గుడ్లు పిల్లలవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా రకూన్లు తవ్వుతాయి, నిప్పుచీమలు పడతాయి. పిల్లల్లో పెద్దయ్యేది ఏ ఒకటో. ఇన్ని నష్టాలని ప్రకృతి ఒకే దారిలో పూడ్చింది: పెద్దయిన ఆడది చాలా ఏళ్లు బతికి, చాలాసార్లు గుడ్లు పెట్టాలి. 2002లో ముగ్గురు జీవశాస్త్రవేత్తలు లెక్క కట్టారు. రెండు వందల పెద్ద తాబేళ్లున్న చోట ఏడాదికి రెండంటే రెండు పెద్ద ఆడవాటిని తీసినా, యాభై ఏళ్లలో వాటి సంఖ్య సగానికి పడిపోవచ్చు. రెండు! ఆ ముసలాయన ఒక పొద్దుటికి తీసినవే అంతకన్నా ఎక్కువ.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా గుంటడు కూడా ఏదో నదికి దక్కాల్సినవాడే.

7. వదిలేసిన గాలం వేట మానదు.

చెట్టుకొమ్మకి తాడు కట్టి రాత్రంతా నీళ్లలో వదిలేసే గాలాలు, ఏటికి అడ్డంగా కట్టే వరస గాలాలు అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మామూలు. క్యాట్‌ఫిష్ కోసం వేస్తారు. ఎరని తాబేలు మింగితే కొక్కెం పేగుల్లో దిగుతుంది, లేదా తాడుకి చిక్కుకుని పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. చేపలు పట్టే మిత్రులు చాలామంది మన తెలుగువాళ్లే ఉన్నారు ఇక్కడ. కట్టిన గాలం తెల్లారి విప్పుకుపోండి.

8. పెంచడం వచ్చినవాళ్లు పెంచి వదలాలి.

ఓక్లహామాలో టిషోమింగో ప్రభుత్వ చేపల కేంద్రంలో రెండు దశాబ్దాలకు పైగా ఈ పని జరుగుతోంది. గుడ్లు పొదిగించి, పిల్లల్ని రకూన్ నోటికి అందనంత పెద్దయ్యేదాకా కొన్నేళ్లు సాకి, అప్పుడు నదుల్లో వదులుతారు. పొదిగే వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది. నడిమి వేడిలో మగవి, బాగా తక్కువైనా బాగా ఎక్కువైనా ఆడవి. కాన్సస్‌లో 1991 తర్వాత ఈ తాబేలు కనపడలేదు. 2024లో అక్కడి నియోషో నదిలో నలభై పిల్లల్ని వదిలారు.

ఇంకో సంగతి. టెక్సాస్ నదుల్లోంచి పెద్ద తాబేళ్లని దొంగతనంగా లూసియానాకి తరలించిన ముఠా 2016లో పట్టుబడింది. స్వాధీనం చేసుకున్న ముప్పై దాకా తాబేళ్లని లూసియానాలోని నాకటిష్ చేపల కేంద్రంలో ఏళ్ల తరబడి సాకారు. వాటి డిఎన్‌ఏ చూసి ఏ నదివో పోల్చుకున్నాక, 2021లో తూర్పు టెక్సాస్ నదులకి తిరిగి పంపారు. మేం గుంటడికి చేయలేకపోయింది అదే.

9. మన ఊరి కాలవలో ఏముందో ముందు చూడండి.

హ్యూస్టన్ నడిబొడ్డున బఫెలో బేయూ పారుతుంది. ఆకాశహర్మ్యాల కింద, సైకిల్ దారుల పక్కన, గోధుమ రంగు నీళ్లు. ఇరవై ఏళ్లు దాని మీది వంతెనల మీంచి ఉద్యోగానికి వెళ్లాను. 2016 నుంచి టర్టిల్ సర్వైవల్ అలయన్స్ అనే తాబేళ్ల సంరక్షణ సంస్థ వాళ్లు అందులో వెతికితే ఈ తాబేళ్లు బోలెడు దొరికాయి. 2017లో హార్వీ తుఫాను వరద వచ్చి వెళ్లాక కూడా ఉన్నాయి.

ఈ సెప్టెంబరులో మనవణ్ణి తీసుకెళ్లాను. ఒడ్డున నిలబడి చూడనిచ్చారు. వాళ్లు వేసే వల మన పల్లెల్లో చేపలకి పెట్టే మావులాంటిదే, లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. పైభాగం నీటి మీదికి ఉంచుతారు, తాబేలు ఊపిరి తీసుకోవాలి కదా. మూడో వలలో ఒకటి ఉంది. డిప్ప మీద నాచు, గట్లు వయసుకి అరిగిపోయాయి. తోలు కింద బియ్యపుగింజంత చిప్ ఉందని పరికరం కూసింది. ఇంతకుముందు పట్టి వదిలినదే. తూచారు. పోయినసారి కంటే ఒకటిన్నర కిలో పెరిగింది.

నా సంచిలో నీలం అట్ట నోటుబుక్కు ఉంది. 1996 మే తర్వాత ఖాళీ. మనవడు నా చేతిలోంచి పెన్ను లాక్కుని, గుంటడి చివరి బరువు కింద ఒక గీత గీసి, తేదీ, బఫెలో బేయూ అని, ఆ బరువు రాశాడు. వాళ్లు దాన్ని నీటి అంచున దించారు. కాసేపు కదల్లేదు. మేమూ కదల్లేదు.