ఫోటో తీద్దాం, ముందు చూద్దాం

విహారయాత్ర అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ఫోటో. మంగినపూడి బీచ్‌కు వెళ్లినా, హంసలదీవికి వెళ్లినా బస్సు దిగగానే సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఇది తప్పని మేము అనడం లేదు. మన అమ్మానాన్నలు చూడని చోటును వారికి చూపించేది ఆ ఫోటోయే. అయితే ఫోటో తీస్తే చూసినట్లేనా?

అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు కాలేజీ విద్యార్థులను మ్యూజియంకు తీసుకెళ్లి, కొన్ని వస్తువులను ఫోటో తీయమని, కొన్నింటిని ఊరికే చూడమని చెప్పారు. మర్నాడు అడిగితే ఊరికే చూసినవే ఎక్కువగా గుర్తున్నాయి. కానీ ఒక భాగాన్ని జూమ్ చేసి తీసిన వస్తువుల విషయంలో జ్ఞాపకం తగ్గలేదు. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 2017లో వచ్చిన మరో పరిశోధనలో, తమకు నచ్చినవి ఫోటో తీసుకున్నవారికి చూసినవి బాగా, విన్నవి తక్కువగా గుర్తున్నాయని తేలింది. కనుక అసలు విషయం కెమెరా కాదు, శ్రద్ధ ఎటు ఉందన్నదే.

మన పెడన కలంకారీనే తీసుకుందాం. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాత ఇనుము, బెల్లం పులియబెట్టిన నీటిని టేకు అచ్చుతో అద్దితే, అది కరక్కాయతో కలిసి నలుపవుతుంది. ఎరుపు రావలసిన చోట అద్దేది పటిక. అందులో ఎరుపు లేదు! తర్వాత రంగునీళ్లలో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. అచ్చు వేస్తుండగా ఫోటో తీసి వెళ్లిపోయినవారికి ఈ రహస్యం తెలియదు. పులిసిన బెల్లం వాసన, అచ్చు మీద పడే చేతి దెబ్బ చప్పుడు ఫోటోలోకి రావు.

అందుకే మేము సూచించే పద్ధతులు ఇవి:

1. చేరగానే పది నిమిషాలు ఫోన్ జేబులోనే ఉంచాలి. చూడాలి, అడగాలి, వినాలి.

2. పనివారిని, వారి అచ్చులను అనుమతి లేకుండా ఫోటో తీయరాదు. ఆ డిజైన్లే వారి బతుకుదెరువు.

3. గుంపుకు ఒక ఫోన్ చాలు. వంతులవారీగా తీసి, అందరికీ పంచాలి.

4. హాస్టల్‌కు వచ్చాక ఫోటోలు చూడకముందే ఐదు వాక్యాలు రాసి, తర్వాత ఫోటోలతో సరిచూసుకోవాలి.

ఫోన్ లేని తమ్ముళ్లు చిన్నబుచ్చుకోనక్కరలేదు. చూసే కళ్లు, అడిగే నోరు, రాసుకునే నోటుపుస్తకం మనందరి దగ్గరా ఉన్నాయి.