యొనెజు కెన్షిని ఎక్కడ మొదలుపెట్టాలి? (లఘువు, గురువు గుర్తున్నవాళ్లకి ఈజీ)

"జపనీస్ పాటలు వింటావు కదా, భాష రాకుండా ఏం అర్థమవుతుంది?" అని హాస్టల్లో అందరూ అడిగే ప్రశ్నే. దీనికి సమాధానంగా ఒక సింగర్‌ని, కొన్ని పాటల్ని, మధ్యలో కొంచెం ఛందస్సుని కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. ఛందస్సు అనగానే పేజీ తిప్పేయకండి. నేనూ ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచే. టెన్త్‌లో బట్టీ పట్టిన యమాతారాజభానసలగం తప్ప నా దగ్గర పెద్ద సరుకేం లేదు. అది చాలు.

సింగర్ పేరు యొనెజు కెన్షి. జపాన్‌లో ఇంటిపేరే ముందు వస్తుంది, మనలాగే. 1991లో తొకుషిమాలో పుట్టాడు. రాయడం, ట్యూన్ కట్టడం, పాడటం అన్నీ తనే. సింగిల్స్ కవర్ల మీద బొమ్మలు కూడా చాలావరకు తనే గీస్తాడు. అసలు మొదట్లో తను పాడనే లేదు. 2009 నుంచి "హచి" అనే పేరుతో నికోనికో అనే వీడియో సైట్‌లో పాటలు పెట్టేవాడు, వాటిని పాడింది సాఫ్ట్‌వేర్. హత్సునే మికు అని 2007లో వచ్చిన వోకలాయిడ్ గొంతు. మన సీఎస్ఈ వాళ్లకి ఇక్కడ ఒక ఇంట్రెస్టింగ్ విషయం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఒక్కో స్వరానికి ఒక్కో జపనీస్ అక్షరం టైప్ చేస్తారు. అంటే పాటంతా అక్షరాల లెక్కే. ఆ రోజుల పాట ఒకటి వినాలంటే 2010 నాటి "మాత్ర్యోష్కా" వినండి. మొదటిసారి గోలగానే అనిపిస్తుంది. రెండోసారి కూడా కొంచెం గోలగానే ఉంటుంది. కానీ అంత స్పీడ్‌లో కూడా అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఎలా నిలబడ్డాయో గమనించండి.

అలా నిలబడటానికి కారణం ఆ భాషలోనే ఉంది. జపనీస్‌లో కొలత సిలబుల్ కాదు, మోరా. అది దాదాపు మన మాత్రే. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. ద్విత్వం వస్తే ఇంకొకటి కలుస్తుంది, చివర పొల్లు "న్" వచ్చినా అంతే. "టోక్యో" ఇంగ్లీష్ వాడికి రెండు ముక్కలు, జపాన్ వాడికి నాలుగు. మన లెక్కలో చూడండి: గురువు, గురువు. నాలుగు మాత్రలు. "నిప్పొన్" కూడా రెండు గురువులు, అక్కడా నాలుగే. తేడా ఒక్కటే. ఆ "న్"ని మనం ముందు అక్షరానికి అంటించి దాన్ని గురువు చేసేస్తాం. వాళ్లు దానికి విడిగా ఒక బీట్ ఇస్తారు, కావాలంటే విడిగా ఒక స్వరం కూడా ఇస్తారు.

ఇప్పుడు సింగర్ పేరే తీసుకోండి. యొనెజు: మూడు లఘువులు, న గణం. కెన్షి: గురువు, లఘువు, హ గణం. రెండూ సూర్యగణాలే! ఆటవెలది మొదటి పాదానికి మూడు సూర్యగణాలు కావాలి కదా, రెండు ఆయన పేరులోనే దొరికాయి. మూడోది మీరు వెతుక్కోండి. ఇది కనిపించిన రోజు రాత్రి రూమ్మేట్‌ని లేపి మరీ చెప్పాను. వాడి రియాక్షన్ ఇక్కడ రాయలేను.

ఈ లెక్క చెవిలో పడ్డాక వినాల్సిన పాట "లెమన్". 2018లో వచ్చిన "అన్‌నేచురల్" అనే టీవీ డ్రామా కోసం చేసింది. అసహజ మరణాల మీద పోస్ట్‌మార్టం చేసే డాక్టర్ల కథ అది. పాట తయారవుతుండగానే యొనెజు తాతగారు చనిపోయారు. చావు గురించి రాయమన్న పాట మధ్యలోకి నిజం చావు వచ్చింది. అందుకేనేమో అందులో ఓదార్పు మాటలు పెద్దగా ఉండవు. పోయిన మనిషి ఒక నిమ్మకాయ వాసనలాగా మిగిలిపోవడం, అంతే. మధ్యమధ్యలో "వె" అన్నట్టు ఒక వింత శబ్దం వస్తుంది. మొదట నవ్వొస్తుంది, తర్వాత అది లేకపోతే పాట ఖాళీ అనిపిస్తుంది. బిల్‌బోర్డ్ జపాన్ వార్షిక చార్ట్‌లో 2018లోనూ, 2019లోనూ ఇదే నంబర్ వన్.

మా తాతయ్య పోయిన ఏడాది పోయారు. ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. "బాగా చదువుకో నాన్నా" అని మొదలై, ఎక్కువసార్లు ఒక పద్యంతో ముగుస్తాయి. ఆయన ఉన్నప్పుడు పద్యం మొదలవగానే నేను ఆపేసేవాణ్ణి, నాకు ఎక్కేది కాదు. "లెమన్"ని వేళ్ల మీద మాత్రలు లెక్కపెడుతూ విన్న అలవాటుతో ఆ మెసేజ్‌లు మళ్లీ విన్నాను. ఆయన ఎక్కడ సాగదీస్తున్నారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో ఇప్పుడు తెలుస్తోంది. ఒక దాంట్లో గణం సరిపోక ఆయనే ఆగి, గొంతు సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టారు. అర్థాలు సగం పైగా ఇంకా తెలియవు. అమ్మని అడిగి ఒక్కొక్కటీ రాసుకుంటున్నాను, పదకొండు అయ్యాయి.

అనిమే బ్యాచ్‌కి నేను చెప్పేదేముంది, "పీస్ సైన్", "కిక్ బ్యాక్" ఆల్రెడీ మీ ప్లేలిస్ట్‌లో ఉంటాయి. "చెయిన్‌సా మ్యాన్" కోసం చేసిన "కిక్ బ్యాక్"లో మోర్నింగ్ ముసుమే అనే అమ్మాయిల గ్రూప్ 2002 పాట ముక్క ఒకటి కలిపారని తెలిసి వింటే ఇంకా బావుంటుంది. "ఉమా తో షికా" అంటే గుర్రం, జింక. ఆ రెండు అక్షరాలు పక్కపక్కన రాస్తే "బకా", అంటే వెధవ! ఇలాంటి శ్లేషలు అతనికి ఇష్టం, మన అవధానాలకి పంపిస్తే కాసేపైనా నిలబడతాడు. "పాప్రికా" చిన్న పిల్లలు పాడిన పాట, ఫూరిన్ అనే గ్రూప్. మాత్రల లెక్క ప్రాక్టీస్ చేయడానికి ఇదే బెస్ట్, ఎందుకంటే పిల్లలు అక్షరం మింగరు. తర్వాత ఇదే పాటని యొనెజు తనే పాడాడు. రెండూ వరసగా వినండి. నాకైతే పిల్లలదే నచ్చింది.

చివరికి ఉంచుకోవాల్సింది "చిక్యూగి". అంటే గ్లోబు. మియాజాకి హయావో సినిమా "ద బాయ్ అండ్ ద హెరాన్"కి ఆఖర్లో వచ్చే పాట, 2023. స్టోరీబోర్డులు చదివి, ఈ ఒక్క పాట పూర్తి చేయడానికి నాలుగేళ్లు పట్టింది అతనికి. "మాత్ర్యోష్కా"లో సందు లేకుండా అక్షరాలు నింపిన మనిషే ఇక్కడ ఖాళీలు వదిలేశాడు. పదాలు మెల్లగా, పియానో పక్కన నడుస్తున్నట్టు వస్తాయి. సినిమా చూడకపోయినా పర్లేదు, పాట ముందు వినొచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిసారి సబ్‌టైటిల్స్ ఆపేసి వినండి. రెండోసారి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.